ఉత్తది

మొన్న అంగడి రోజున నాగర్‌కర్నూల్ తాలూకా కచేరీ ముందర నా బల్ల దగ్గరికి ఒక మనిషి వచ్చాడు. నేను అర్జీలు రాసి బతుకుతాను కనుక, ఏం రాయాలని అడిగాను. రాసేదేమీ లేదన్నాడు. గోనెగుడ్డలో చుట్టిన చెక్కపలక ఒకటి బల్ల మీద పెట్టి, తాను గద్వాల దగ్గరి గట్టు అనే ఊరి నుంచి వచ్చానని, తన మేనమామ పోయిన నెల చనిపోయాడని చెప్పాడు. ఏ మేనమామ అన్నాను. "ఉత్తవి చేసేటాయన," అన్నాడు.

నా చేతిలో కలం అట్లాగే ఆగిపోయింది. ఆ మనిషి అది గమనించలేదు. ఉప్పూ మిరపకాయలూ కొనుక్కుని వస్తానని, అప్పటిదాకా పలక చూసి పెట్టమని చెప్పి అంగట్లోకి పోయాడు. నేను గోనె విప్పలేదు. అందులో ఏముందో తెలియక కాదు, విప్పడానికి చేతులు రాలేదు.

ఆ మేనమామ పేరు నాకు బాగా తెలుసు. ఇక్కడ మాత్రం రాయను. ఒకసారి ఆయన పని గురించి కాగితం మీద పెట్టినందుకే జరగరానిది జరిగింది. వడ్లాయన అనే అంటాను. మా వైపు వడ్రంగిని అట్లాగే అంటారు, ఆయననూ అందరూ అట్లాగే అనేవాళ్లు.

మా వైపు ఉత్త అంటే వట్టి అని. ఉత్త చేతులతో వచ్చాడంటాం, ఉత్తగనే కూర్చున్నాడంటాం. వడ్లాయనకు మాత్రం ఉత్తది అంటే ఒక వస్తువు. మంచమైనా, తలుపైనా, బండైనా, టేకు మీద ఉలి పెట్టే ముందు అదే కొలతకు, అదే ఎత్తుకు మెత్తని బూరుగు చెక్కతోనూ వెదురు బద్దలతోనూ ఒకటి కట్టేవాడు. మేకులు ఉండవు, అంతా పురికొస ముడులే. చేయించుకునే మనిషి దాని మీద కూర్చోవాలి, వంగాలి, లేవాలి, రెండు మూడు రోజులు దానితో తిరగాలి. ఆ తర్వాతే అసలుది.

చిన్న బొమ్మలంటే ఆయనకు ఒళ్లు మంట. వనపర్తి పెద్దమనిషి ఒకాయన బండి చేయించుకోదలచి, ముందుగా అరచేతిలో పట్టే నమూనా చేసి చూపమని కబురు పెడితే, వడ్లాయన స్వయంగా పోయి అడిగాడట, ఆ బండిలో నువ్వు కూర్చుంటవా, నీ వేలు కూర్చుంటదా అని. ఆ పని ఆయనకు దక్కలేదు. దక్కనందుకు బాధపడ్డట్టూ నేను చూడలేదు. పేష్కారునైనా, పాలేరునైనా, నన్నైనా నువ్వనే పిలిచేవాడు. అందులో పొగరు లేదు. ఆయన నాలుక మీద మీరు అనే మాట పుట్టలేదంతే.

కొలబద్ద ఆయన దగ్గర ఉండేది, కానీ దాన్ని తీసేది చిట్టచివర. ముందు మనిషిని నిలబెట్టి కళ్లు మూసుకోమనేవాడు. "చెయ్యి చాపు. నీకు ఏడ ఉంటే బాగుంటదో ఆడ ఆపు," అనేవాడు. ఆ చెయ్యి గాల్లో ఆగిన చోట తాడు కట్టి, బొగ్గుతో గీత పెట్టుకునేవాడు. ఉత్తది నిలబెట్టాక ఇక మాట్లాడేవాడు కాదు. చేతులు వెనక్కి కట్టుకుని, కొంచెం పక్కగా నిలబడి, ఆ మనిషి నడుమునే చూస్తుండేవాడు. ఎట్లా ఉందని ఎందుకు అడగవని నేనొకసారి అడిగాను. "అడిగితే మర్యాదకు బాగున్నదంటరు పంతులూ. నడుముకు మర్యాద తెల్వదు," అన్నాడు.

గద్వాలలో మోకాలు వంగని నేతగాడు ఒకాయన ఉండేవాడు. ఆయన కోసం వడ్లాయన వెదురుతోనూ తాడుతోనూ ఉత్త మగ్గం కట్టి, గుంత తవ్వి, అందులో కూర్చోబెట్టాడు. రెండు రోజులు ఆ నేతగాడు నూలు లేకుండా, నాడె లేకుండా, ఖాళీ చేతులు అటూ ఇటూ విసురుతూ ఏమీ లేనిదాన్ని నేశాడు. వీధి వీధంతా చేరి, చీర ఏ రంగని అడిగారు, కొంగు ఎప్పుడు దింపుతావని అడిగారు. నేతగాడికి కోపమొచ్చి లేవబోతే వడ్లాయన భుజం పట్టి కూర్చోబెట్టాడు. మూడో రోజు కాలి కింది పలకను రెండు వేళ్లు ఎడమకు జరిపాడు. ఆ జరపడం కోసమే అదంతా. ఈ సంగతి వడ్లాయన చెప్పింది కాదు. ఆ నేతగాడే తర్వాత ఒక పెళ్లిలో నాకు చెప్పి, తన మోకాలు నిమురుకున్నాడు.

అసలుది పూర్తయిన రోజే ఉత్తదాన్ని విప్పి పొయ్యిలో పెట్టి, దాని మీదే అన్నం వండుకునేవాడు. భార్య లేదు, పిల్లలు లేరు, ఒక్కడే వండుకునేవాడు. అంత మంచి పనిని కాల్చడమేమిటని నేను అన్నప్పుడు ఒకే మాట అన్నాడు: "నిలవడి ఉంటే ఎవడో ఒకడు నమ్ముతడు."

ఆ మాటను నేను నవ్వి వదిలేశాను. అప్పుడు నా వయసు ఇరవై నాలుగు, ఆ వయసుకు నవ్వడం తొందరగా వస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మాట ఇది. కొత్తకోటకూ వనపర్తికీ మధ్య ఒక ఊళ్లో, ఒక దొరగారి చిన్న కచేరీలో నేను గుమస్తాని. దొర హైదరాబాదులో ఉండేవాడు. ఆయన తరఫున పెత్తనం చేసే పేష్కారు వనపర్తిలో ఉండేవాడు. ఊళ్లో జరిగే ప్రతి పనీ వారానికొకసారి నేను ఉర్దూలో రాసి పేష్కారుకు పంపాలి. నా ఉర్దూ మిడిల్ స్కూలు ఉర్దూ. తప్పు దొరికితే పేష్కారు ఎర్రసిరాతో గుండ్రంగా చుట్టి, కాగితం తిరిగి నాకే పంపేవాడు, అదీ బంట్రోతు చేతికి మడవకుండా ఇచ్చి. ఊళ్లోవాళ్లకు ఉర్దూ రాకపోయినా ఎర్ర సున్నా అంటే ఏమిటో తెలుసు. ఆ సున్నాలంటే నాకు ఎంత భయమో ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గుగా ఉంటుంది. అయినా చెప్పాలి, ఈ కథంతా ఆ భయమే.

దొరకు ఇరవై మోట బావులుండేవి. బావి అంచున రెండు కంబాలు, పైన అడ్డదూలం, దూలానికి గిలక. గిలక మీదుగా పోయే మోకుకు తోలు మోట కట్టి ఉంటుంది. ఎడ్లు వాలు దిగితే మోట నీళ్లతో పైకి వస్తుంది. తొట్టి దగ్గర నిలబడ్డ మనిషి దాని తొండం అందుకుని నీళ్లు తొట్టిలోకి మళ్లించాలి. ఎక్కువ బావుల దగ్గర ఆ పని ఆడవాళ్లదే. పాత చట్రాలు వంకరపోయి తొండం చేతికందక, బావి మీదికి వంగి లాక్కోవలసి వచ్చేది. వంగినవాళ్లలో ఇద్దరు ముగ్గురు బావిలో పడ్డారు కూడా. ఇరవై బావులకూ ఒకే తీరు కొత్త చట్రాలు పెట్టించాలని దొర దగ్గర నుంచి హుకుం వచ్చింది. పని వడ్లాయనకు ఇచ్చారు. ఆయన ఎప్పటిలాగే, ముందు ఒక ఉత్తది అన్నాడు.

దాన్ని తిమ్మక్క బావి మీద నిలబెట్టాడు. తిమ్మక్కా ఆమె మొగుడూ ఆ బావి కింద దొర పొలం చేసేవాళ్లు. అందరికంటే ఎక్కువ గొడవ పెట్టింది ఆమే కాబట్టి అక్కడే మొదలుపెడతానన్నాడు వడ్లాయన. పాత చట్రం పీకేసి, ఆ గుంతల్లోనే బూరుగు కంబాలు పాతి, పైన బూరుగు దూలం కట్టాడు. అసలుదాని రంగు కూడా ఉంటే మనిషికి అనుమానం పోయి మామూలుగా నిలబడుతుందని, ఎర్రమట్టి నూనెలో కలిపి పూశాడు. దూరం నుంచి చూస్తే టేకే అనుకోవాలి.

ఆ రోజు నేనూ పోయాను. తిమ్మక్క తొట్టి దగ్గర నిలబడింది. ఆమె మొగుడు ఖాళీ మోటను చేత్తో పైకీ కిందికీ ఆడించాడు. ఆమె తొండానికి చెయ్యి చాపింది. వడ్లాయన చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ, ముడులు విప్పి దూలం నాలుగు వేళ్లు దించాడు, మళ్లీ చూశాడు, గిలకను మూరెడు ఇవతలికి జరిపాడు. అట్లా పొద్దెక్కేదాకా సాగింది. చివరికి తిమ్మక్క వంగకుండా, నిటారుగా నిలబడి తొండం అందుకుంది. అందుకున్నదన్న సంగతి ముందు ఆమెకే తెలియలేదు.

"ఇన్నేండ్లు బాయి దిక్కు వంగినప్పుడల్ల కిందికెల్లి ఎవరో గుంజినట్లయితుండె. ఇప్పుడు లేదు," అంది.

వడ్లాయన ముఖంలో నవ్వు చూసింది నేను ఆ ఒక్కసారే. అక్కడున్న ప్రతి మనిషికీ విడివిడిగా, ఇది ఉత్తది, ఎడ్లు కట్టొద్దు అని చెప్పాడు. మిగతా బావులవాళ్లు కూడా వచ్చి నిలబడి చూసుకోవాలని దాన్ని వారం పాటు అట్లాగే ఉంచాలన్నాడు. తాను ఈలోగా నల్లమల దిక్కు పోయి ఇరవై చట్రాలకు టేకు ఎంచుకొస్తానన్నాడు. పోయే ముందు కచేరీకి వచ్చి, పేష్కారుకు ఇది ఉత్తదని రాయమని నాతో చెప్పాడు. ఉర్దూలో ఉత్తదాన్ని ఏమంటారని అడిగాడు. నేను ఆలోచించాను కూడా లేదు. ఖాలీ అన్నాను. ఆ మాటను రెండుసార్లు నోట్లో తిప్పుకుని, బాగున్నదన్నాడు.

ఆయనకు నచ్చని ఆ నమూనా అనే మాటే రాసి ఉంటే సరిపోయేది. అది ఉర్దూ మాటే. నాకు తట్టలేదు. తిమ్మక్క బావి మీద మోట తయారు, ఖాలీ, అని రాసి, కింద నా సంతకం పెట్టి పంపాను.

మూడో రోజు జవాబొచ్చింది. ఎర్ర సున్నా లేదు. మొదట చూసుకుంది అదే, చూసుకుని సంతోషపడ్డాను. తర్వాత చదివాను. ఎండల్లో పంట మాడుతుంటే తయారైన మోటను ఖాలీగా ఎందుకు నిలబెట్టారు, రేపటి నుంచే ఎడ్లు కట్టించండి, అని ఉంది.

నాకు అప్పుడే తెలిసింది. తెలియలేదని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను, అది అబద్ధం. నేను వట్టిదని రాస్తే ఆయన పనిలేకుండా పడి ఉందని చదువుకున్నాడు. వెంటనే ఇంకో కాగితం రాయవచ్చు. రాస్తే ఉర్దూ రాదని ఒప్పుకున్నట్టే. వడ్లాయన ఎట్లాగూ గట్టిగానే కట్టి ఉంటాడనుకున్నాను, ఒకటి రెండు రోజులు ఆగకపోతుందా అనుకున్నాను. హుకుంలో ఏముందో బంట్రోతుకు చదివి చెప్పి, కాగితం చేతికిచ్చి, తిమ్మక్క మొగుడికి చెప్పి రమ్మన్నాను.

అతను ఒప్పుకోలేదట. ఇది ఉత్తదని వడ్లాయన చెప్పి పోయాడన్నాడట. కాగితంలో తయారని ఉందని బంట్రోతు అన్నాడు. పాత చట్రం పీకినప్పటి నుంచీ చేనుకు నీళ్లు లేవు, మిరప తోట తల వాల్చేసింది. కచేరీ కాగితం తయారంటే, తాము చూడనప్పుడు వడ్లాయన గట్టి చేసి ఉంటాడనుకున్నారు మొగుడూ పెళ్లాలు. మర్నాడు పొద్దున్నే ఎడ్లు కట్టారు.

పది పన్నెండు మోటలు బాగానే వచ్చాయి. తిమ్మక్క నిటారుగా నిలబడి తొండం అందుకుంటూ ఉంది. తర్వాతి మోటకు దూలం నడిమికి విరిగి, పక్క కంబం ఆమె మీదికి ఒరిగి, ఆమెతో సహా బావిలోకి పోయింది.

నేను పోయేసరికి గడ్డ మీద విరిగిన బూరుగు ముక్కలున్నాయి. పైన ఎర్రమట్టి రంగు, లోపల ముల్లంగి దుంపలా తెలుపు. మొగుడు మోకు పట్టుకుని దిగి వెతుకుతున్నాడు. మధ్యాహ్నానికి గానీ ఆమెను పైకి తేలేకపోయారు. ఆ రోజు నుంచి నాకు లోపల ఏదీ సరిగా నిలబడలేదు. తిండి తిన్నాను, పెళ్లి చేసుకున్నాను, పిల్లలను కన్నాను, అవన్నీ జరిగాయి.

వడ్లాయన టేకు బండ్లతో తిరిగొచ్చింది ఆ తర్వాత రెండు రోజులకు. కచేరీకి రాలేదు, నేరుగా బావి దగ్గరికి పోయాడట. విరిగిన ముక్కలన్నీ ఏరి, నేల మీద ఏ ముక్క ఎక్కడిదో అక్కడ పేర్చి, ఎక్కడ మొదట పగిలిందో చూస్తూ సాయంత్రం దాకా కూర్చున్నాడట. చేతులు వెనక్కి కట్టుకోలేదని చూసినవాళ్లు చెప్పారు.

టేకు మింగి బూరుగు పెట్టాడని పేష్కారు అన్నాడు. కొన్నాళ్లకు ఊరూ అదే అంది. ఉత్తది అని ఆయన నోట విడివిడిగా విన్నవాళ్లు కూడా అదే అన్నారు. తిమ్మక్క మొగుడు మాత్రం ఏమీ అనలేదు, ఎవరితోనూ. టేకు బండ్లు కచేరీ జప్తు చేసుకుంది. ఇరవై చట్రాల పని ఆగిపోయింది, ఆడవాళ్లు మళ్లీ పాతవాటి మీద వంగారు. వడ్లాయనకు ఒక్క పీట పని కూడా ఎవరూ చెప్పలేదు. నా కాగితం గురించి నన్నెవరూ అడగలేదు. అది చదవగలిగిన ఇద్దరిలో ఒకడు పేష్కారు, ఇంకొకడిని నేను.

ఊరు విడిచి గట్టులో చెల్లెలి దగ్గరికి పోతున్న రోజు ఆయన కచేరీకి వచ్చాడు. పనిముట్ల సంచి భుజానుంది. గడప దగ్గరే నిలబడి, పంతులూ, నువ్వు ఏమని రాసినవ్ అని అడిగాడు.

"ఉత్తదనే రాసిన," అన్నాను.

అది అబద్ధం కాదు. అందుకే అంత తేలిగ్గా వచ్చింది.

ఆయన నా ముఖం చూడలేదు. నా నడుము చూశాడు. నేను బల్ల మీదికి ఒరిగి ఉన్నాను. చాలాసేపు చూసి, తల ఊపాడు. "గట్లయితే తప్పు నాదే పంతులూ. నోటితోని చెప్పిన. చెప్పిన నోరు ఊరిడిసి పోయింది, ఉత్తది ఆడనే నిలవడ్డది. దాని పేరు దాని మీద్నే ఉండాలె," అన్నాడు. ఆ ఉర్దూ మాట ఒక కాగితం మీద నీ చేతితో రాసివ్వు, ఇకనుంచి ప్రతి ఉత్తదాని మీదా ఇనుప కడ్డీతో కాల్చి రాసుకుంటానన్నాడు.

అప్పుడు నిజం చెప్పవచ్చు. కనీసం వేరే మాట రాసివ్వవచ్చు. మాట మార్చితే ఎందుకు మార్చావంటాడు, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఒక్కటే ఉంది. ఖాలీ అనే రాశాను. కలం ఎత్తేటప్పుడు మాట పక్కన ఒక సిరాచుక్క రాలింది. ఆయన కాగితం ఆరేదాకా ఊదుకుని, మడవకుండా సంచిలో పెట్టుకుని పోయాడు. మళ్లీ ఆయనను నేను చూడలేదు.

మేనల్లుడు ఉప్పు మూటతో తిరిగొచ్చేసరికి నేనింకా గోనె విప్పలేదు. అతనే విప్పాడు. బూరుగు పలక మీద, ఇనుప కడ్డీతో కాల్చిన నల్లటి అక్షరాలు. ఆ వంపులు నావి. ఆ తోక నాది. మాట పక్కన, రవ్వంత ఎడంగా, సిరాచుక్క కూడా ఉంది. కొలత తప్పకుండా కాల్చాడు మహానుభావుడు.

గట్టుకు పోయినప్పటి నుంచీ ఏ ఉత్తది చేసినా మామ దాని మీద ఈ మాట కాల్చేవాడని, ఇప్పుడు తానూ అదే చేస్తున్నానని మేనల్లుడు చెప్పాడు. అయితే ఈమధ్య ఒకటి జరిగిందన్నాడు. తాను నిలబెట్టిన ఉత్త బండి మీద ఈ మాట చదివి, ఉర్దూ వచ్చిన ఒకాయన, బండి ఖాళీగా ఉందిలే అని జొన్న బస్తాలెత్తించాడు. ఇరుసు విరిగింది, అదృష్టం కొద్దీ కింద ఎవరూ లేరు.

"మామ ఉన్నప్పుడే అనుమానం చెప్పిన. పంతులు రాసిచ్చిండు, తప్పుండదు, చదివేటోళ్లకే తెలుస్తలేదు అన్నడు. పోయేటప్పుడు గూడ, పంతులు నాగర్‌కర్నూల్ల ఉన్నడంట, ఒకపారి చూపిచ్చి రా అన్నడు," అన్నాడు మేనల్లుడు. "జర చెప్పు. ఈ మాట సరైందేనా?"

బల్ల మీద పలక ఉంది. అంగడి సందడి వినిపిస్తోంది. చెప్పాలనే నోరు తెరిచాను. పేష్కారు లేడు, ఆ దొర కచేరీ లేదు, ఎర్ర సిరా లేదు, నన్ను పనిలోంచి తీసేవాడెవడూ లేడు. భయానికి కారణాలన్నీ పోయాయి, భయం మాత్రం ఉంది. అక్షరాలు సరిగానే ఉన్నాయని చెప్పాను. అయితే ఇప్పుడు ఉర్దూ కచేరీలు పోతున్నాయి, తెలుగు చదివేవాళ్లు ఎక్కువవుతున్నారు, ఇక నుంచి తెలుగులో పెట్టుకుంటే మంచిదన్నాను. కొత్త కాగితం తీసి, పెద్ద అక్షరాలతో, ఉత్తది, ఎడ్లు కట్టొద్దు, బరువు పెట్టొద్దు, అని రాసిచ్చాను.

అతను సంతోషపడ్డాడు. మామ ఉంటే సంబరపడేవాడని, నా మీద మామకు మస్తు నమ్మకముండేదని అన్నాడు. కొత్త కాగితాన్ని పాత పలక పక్కన పెట్టి, వడ్లవాళ్ల చూపుతో రెంటినీ మార్చి మార్చి చూశాడు. ఆ మేనమామ మేనల్లుడే. పలక మీద చుక్క దగ్గర వేలు పెట్టాడు.

"ఇది ఏం అక్షరమో గట్టుల ఎవ్వరు చెప్పలే. మామ మాత్రం ఇది లేకుండ ఎన్నడు కాల్చలే. కొత్తదాంట్ల లేదు. పెట్టాలెనా పంతులూ?"

"వద్దు," అన్నాను. "అది నా తప్పు."

అతను చుక్కను మరోసారి చూసి, పలకను గోనెలో చుట్టుకుంటూ నవ్వాడు.

"ఇంత చిన్నదే కద," అన్నాడు.